తమ్ముడి మౌసు, అక్క పాట

ఆ ఆస్పత్రికి ఎవరు ఫోన్ చేసినా ముందు వినిపించేది ఒకే మాట: "చెప్పండి." ఆ మాటలో విసుగు ఉండదు, తొందర ఉండదు. ఒంట్లో బాగాలేని మనిషికి ఆ ఒక్క మాటతోనే సగం మందు పడ్డట్టుంటుంది. అందుకే అక్కడ పనిచేసేవాళ్ళంతా ఆవిడను చెప్పండక్క అని పిలుస్తారు. అసలు పేరు జీతాలిచ్చే ఆఫీసుకు తప్ప ఎవరికీ గుర్తులేదు. ఆవిడకే ఒక్కోసారి గుర్తుండదని నవ్వుతుంది.

చెప్పండక్కకు పుట్టినప్పటినుంచీ చూపు లేదు. మెట్ల కింద చిన్న గదిలో ఆవిడ ఫోన్ల బల్ల. ఏ వార్డుకు ఏ నంబరో అన్నీ వేళ్ళకే తెలుసు. ఎదుటివాళ్ళు "గుండె డాక్టరుగారికి..." అని మాట పూర్తి చేసేలోగా అక్కడ గంట మోగుతూ ఉంటుంది. పొద్దున్నే ఆవిడ ఎక్కే బస్సును డ్రైవరు ఒక అడుగు ముందుకో వెనక్కో జరిపి, తలుపు సరిగ్గా ఆవిడ ఎదురుగా వచ్చేలా ఆపుతాడు. ఆ సంగతి ఆయనెప్పుడూ చెప్పలేదు, ఈవిడెప్పుడూ అడగలేదు. ఆస్పత్రి గుమ్మంలో నేల తుడిచే ఆయమ్మ, తెల్ల కర్ర చప్పుడు వినగానే "తడిగా ఉంది తల్లీ, గోడవైపు రా" అంటుంది. దేవుడు చల్లగా చూడడమంటే ఇలాగే కాబోలు. ఎక్కడో పైనుంచి దిగిరాడు, పక్కనున్నవాళ్ళ చేత చెయ్యిస్తాడు.

ఇంటికొస్తే చెప్పండక్కది వేరే లోకం. ముందుగదిలో కిటికీ పక్కన ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు, ఒక మైకు. అందులో ఆవిడ పాటలు కడుతుంది. గొంతెత్తి పాడేవి కావు, వీణ మీద వాయించేవీ కావు. లిఫ్టు తలుపు మూసుకుంటూ విడిచే నిట్టూర్పు, స్ట్రెచర్ చక్రం కిర్రుమనడం, నర్సమ్మ ట్రేలో సీసాలు గలగలలాడడం, ఇవన్నీ ఫోన్‌లో పట్టుకొచ్చి, సాగదీసి, తిప్పి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఎలక్ట్రానిక్ పాట చేస్తుంది. మొదటిసారి విన్నవాళ్ళు ఇదేం గోల అనుకుంటారు. రెండోసారి కాలు దానంతటది ఆడుతుంది.

అయితే పాట ఆవిడదే కానీ చెయ్యి తమ్ముడిది. తమ్ముడు కార్లకు రంగులు కొట్టే షెడ్డులో పనిచేస్తాడు. రంగు కలపడంలో వాడి తర్వాతే ఎవరైనా. పాటల సాఫ్ట్‌వేర్ కావాలని అక్క అడిగిన రోజున వాడు వెతికి వెతికి, తెర మీద ఇంద్రధనుస్సులా మెరిసేదాన్ని తెచ్చిపెట్టాడు. అక్క వెనకాల కూర్చుని మౌసు పట్టుకుని నొక్కేవాడు.

"అక్కా, ఎరుపు కొంచెం తగ్గించనా?"

"ఎరుపు చాలురా. పసుపు పెంచు."

తెర మీద ఒక్కో చప్పుడుకూ ఒక్కో రంగు. ఎరుపంటే దడదడలాడేది, పసుపంటే గంటలా మోగేది, నీలమంటే అడుగున మూలిగేది. రంగు అంటే ఏమిటో ఆవిడ ఎరగదు. కానీ ఎవరైనా ఎర్ర చీర కట్టుకున్నానని చెబితే, "అబ్బో, చప్పుడు చేసుకుంటూ వచ్చుంటావ్" అనేది. ఏళ్ళు అలా సాగిపోయాయి. అక్కకు కష్టం తెలియలేదు, తమ్ముడికి విసుగు రాలేదు.

ఇంతలో రెండు కబుర్లు ఒకే వారంలో వచ్చాయి. తమ్ముడికి వేరే ఊళ్ళో పెద్ద షెడ్డులో పని కుదిరింది. నెలాఖరుకు పెళ్ళాన్ని తీసుకుని వెళ్ళాలి. రెండోది ఆస్పత్రిలోంచి. పక్షవాతం వచ్చినవాళ్ళకూ మోకాళ్ళు ఆపరేషను అయినవాళ్ళకూ మళ్ళీ నడక నేర్పే హాలు ఒకటుంది. ఆ హాలు చూసుకునే నడక డాక్టరమ్మ మెట్ల కింద గదికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అక్కా, నా పేషెంట్లు నడుస్తుంటే వెనకాల మోగడానికి ఒక పాట కావాలి. సినిమా పాట పెడితే కొందరు నడక మానేసి పాడుకుంటున్నారు, కొందరు ఏడుస్తున్నారు. నీ దగ్గరున్నలాంటిది, మాటల్లేనిది, అడుగుకు అడుగు పట్టుకునేది చేసిపెడతావా?"

"చేస్తానమ్మా" అంది చెప్పండక్క. అన్న తర్వాత తట్టింది. చేసేది ఎవరి చేత్తో?

ఆ సాయంత్రం కంచాల దగ్గర ఆ మాటే వచ్చింది.

"దాందేముందక్కా," అన్నాడు తమ్ముడు, "అక్కణ్ణుంచి ఫోన్‌లో నీ తెర చూస్తాను. నువ్వు చెప్పు, నేను నొక్కుతాను."

"అంటే నాకు సోమవారం తోచింది నీకు ఆదివారం సెలవు దొరికేదాకా నోట్లో పట్టుకుని కూర్చోవాలన్నమాట."

"ఇన్నాళ్ళూ కూర్చోలేదా?"

"ఇన్నాళ్ళూ నువ్వు పక్కగదిలో ఉన్నావురా."

తమ్ముడి భార్య ఆ ఇంటికి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. ఆడపడుచున్న ఇల్లు అని పుట్టింట్లో ఎవరో భయపెట్టి పంపారు. వచ్చిన వారంలోనే బీరువా తలుపు, వంటగది అర తలుపు సగం తెరిచి వదలకూడదని ఎవరూ చెప్పకుండానే గ్రహించింది. ఇప్పుడు మజ్జిగ వడ్డిస్తూ మెల్లగా అంది, "వదినా, ఆస్పత్రిలో అన్ని ఫోన్లూ మీరొక్కరే నడుపుతారు. ఇంట్లో ఈ పాటకు మాత్రం మా ఆయన ఎందుకు?"

"ఓహో, మొగుణ్ణి నా దగ్గర్నుంచి విడిపించుకుందామనే?" అంది చెప్పండక్క.

"అవును వదినా. మీకు ఇచ్చే టైము నాకివ్వమని అడుగుతున్నా." అందరూ నవ్వారు. తమ్ముడు మాత్రం మజ్జిగన్నం గబగబా కలుపుకున్నాడు.

చెప్పండక్కకు ఫోన్‌లో ఒక బృందం ఉంది. అందరూ చూపు లేనివాళ్ళే, అందరూ పాటలు చేసేవాళ్ళే. రాతలుండవు, గొంతులే. తెర మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే గొంతు ఒకటి వాళ్ళందరి కంప్యూటర్లలోనూ ఉంటుంది. ఆ గొంతుతో ఏ సాఫ్ట్‌వేర్ కలిసిమెలిసి ఉంటుందో వాళ్ళకు బాగా తెలుసు. ఆవిడ అడిగీ అడగగానే పేర్లు వచ్చాయి. మరుసటి ఆదివారం పొద్దున్న దణ్ణం పెట్టుకుని, తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కదాన్నీ తెరిచింది.

ముందు పాతదే, తమ్ముడి రంగులది. ఇన్నేళ్ళలో దాన్ని ఆవిడ సొంతంగా ముట్టుకోవడం అదే మొదటిసారి. మీట మీద మీట నొక్కుతూ వెళ్తే, చదివే గొంతు తాపీగా "బటన్" అంది. తర్వాత మళ్ళీ "బటన్." ఆ పక్కన "బటన్."

"ఇంతమంది బటన్లున్నారు, ఒక్కడికీ అమ్మానాన్నా పేరు పెట్టలేదా?" అంది.

"చూస్తే బొమ్మలుంటాయక్కా. డ్రమ్ము బొమ్మ, గంట బొమ్మ."

"ఉంటాయి. చూసేవాళ్ళకు."

రెండోది కొంత నయం. మెనూలన్నీ పేరుపేరునా చెప్పింది. తీరా అందులోని వాయిద్యం తెరిచేసరికి అలిగిన అల్లుడిలా నోరు విప్పలేదు. ఎన్ని మీటలు నొక్కినా ఉలకదు, పలకదు. చెప్పండక్క దాన్ని కోప్పడకుండా మూసేసింది.

మూడోదాన్ని తెరవగానే తమ్ముడు మొహం చిట్లించాడు. ఆ సంగతి వాడి ఊపిరిలోనే తెలిసింది.

"ఏంట్రా?"

"దీనికి రంగే లేదక్కా. పుట్టీ కొట్టి వదిలేసిన బండిలా ఉంది. బూడిద మీద బూడిద."

అప్పటికే చదివే గొంతు మాట్లాడుతోంది. ట్రాక్ ఒకటి. వాల్యూమ్. ఎడమవైపు. పేరు లేదు, పేరు పెట్టాలంటే ఫలానా మీట. చెప్పండక్క ఆ మీట నొక్కి "కర్ర" అని టైపు చేసింది. "ట్రాక్ ఒకటి, కర్ర" అంది గొంతు. ఆవిడ వీపు నిటారుగా అయింది. ఫోన్ల బల్ల దగ్గర కూర్చున్నప్పుడు ఉండే తీరు అది.

"పుట్టీ కొట్టిన బండయితేనేం, పిలిస్తే పలుకుతోంది. నాకిది చాలు."

"ఒక్కరోజులో ఏం తేలుతుందక్కా? మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటావు. డాక్టరమ్మకు మాటిచ్చావు. మనదానిలో అయితే రెండు సాయంత్రాల్లో చేసేస్తాను." వాడి గొంతులో కోపం లేదు. నొచ్చుకోవడం ఉంది. నా కళ్ళు నీకు సరిపోలేదా అని అడగలేక అడుగుతున్నాడు.

చెప్పండక్క వాడి చెయ్యి వెతికి పట్టుకుంది. "ఒరేయ్, విను. ఈ నడక పాట నేనొక్కదాన్నే చేస్తాను. చేయలేకపోతే నీ రంగులదే ఉంచేద్దాం. నీకు వీలున్నప్పుడే పాట, లేనప్పుడు లేదు, మారుమాట్లాడను. చేశానా, ఇక నా పాట మీద మౌసు పడకూడదు. సరేనా?"

"సరే" అన్నాడు వాడు. కానీ మౌసు తీసి దాచలేదు. ల్యాప్‌టాప్ పక్కనే ఉంచాడు, అక్కకు మనసు మారితే దగ్గరలో ఉంటుందని.

ఆ వారమంతా డ్యూటీకి వెళ్ళేముందూ వచ్చాకా ఆవిడ దానితోనే ఉంది. తప్పులు దొర్లాయి, తిట్టుకుంది, బృందంలో ఎవరినో అడిగింది, ఆ ఎవరో తన వంట ఆపుకుని మరీ చెప్పారు. తమ్ముడు గుమ్మంలో నిలబడి వేళ్ళు విరుచుకునేవాడు. "అబ్బా, అది అక్కడ కాదక్కా..." అని మొదలుపెట్టేలోగా భార్య వచ్చి, "కూరలు తేవాలి, సంచి పట్టుకోండి" అని లాక్కుపోయేది. ఆ వారం ఆ ఇంట్లో కూరలకు కొదవలేదు.

నడిచేవాళ్ళకు కర్ర చప్పుడే తాళం అయితే బాగుంటుందని ఆవిడకు తోచింది. లోపలిగదిలో ఉండే అమ్మను పిలిచి, వంటగది బండల మీద తన చేతికర్రతో కొట్టమంది. ల్యాప్‌టాప్, మైకు అక్కడికే తెచ్చి, హెడ్‌ఫోన్ తీసి మైకు పక్కన పెట్టి, చదివే గొంతు దూరంనుంచి కూడా వినబడేలా దాని చప్పుడు పెంచింది.

"ఎంతసేపు కొట్టాలే?" అంది అమ్మ.

"చాలు అనేదాకా."

"నేలకు నొప్పెడుతుందే పిచ్చిదానా."

"నేల తరఫున నేను క్షమాపణ అడుగుతాలే, నువ్వు కొట్టు."

కర్ర చప్పుడు స్పష్టంగా వినాలని మధ్యలో, అంతకుముందే రెండో ట్రాకులో పెట్టుకున్న చప్పుడును కాసేపు ఆపింది, మళ్ళీ వదిలింది. అమ్మ అలిసిపోయేదాకా పట్టుకుంది. దాని కింద లిఫ్టు నిట్టూర్పు, పైన సీసాల గలగల పరిచింది. మళ్ళీ మళ్ళీ విని, పాట అయిపోయిందని ఎవరికీ చెప్పకుండా ముందు దేవుడికి చెప్పుకుంది.

సోమవారం పొద్దున నడక హాలు నిండింది. గోడ పొడవునా అద్దం, మధ్యలో పట్టుకుని నడిచే కడ్డీలు, కింద రబ్బరు చాప. ముందువరసలో కండక్టరు తాత. బస్సులో జీవితమంతా నిలబడి పనిచేసి, చివరికి ఎడమకాలు మాట వినడం మానేసిన పెద్దమనిషి. షెడ్డుకు సెలవు పెట్టి తమ్ముడు కూడా వచ్చాడు. ల్యాప్‌టాప్ సంచి వాడి భుజానే ఉంది.

నడక డాక్టరమ్మ ఫోన్‌లోంచి పాట మొదలైంది. టక్... టక్... అమ్మ కర్ర. లిఫ్టు ఊపిరి పీల్చింది. కండక్టరు తాత కుడికాలు వేశాడు, ఎడమకాలు ఈడ్చాడు, మళ్ళీ కుడికాలు. వెనక నలుగురూ అదే తాళంలో కదిలారు. "భలే" అంది నడక డాక్టరమ్మ లోగొంతుకతో.

అప్పుడు పాట మధ్యలోంచి ఒక చప్పిడి గొంతు పలికింది: "ట్రాక్ రెండు ఆపబడింది."

తాత ఆగిపోయాడు. వెనక అందరూ ఆగిపోయారు. వేసిన కాలు వేసినట్టే.

"ఎవరమ్మా అది?" అన్నాడు తాత. "డాక్టరమ్మా, నువ్వేనా?"

"నేను కాదు తాతా."

కర్ర కొన్ని దెబ్బలు కొట్టింది. మళ్ళీ ఆ గొంతు: "ట్రాక్ రెండు కొనసాగుతోంది."

"కొనసాగమంటోంది, పదండి" అని తాత మళ్ళీ కాలు వేశాడు. వెనకవాళ్ళూ కదిలారు.

చెప్పండక్క బుగ్గలు వేడెక్కాయి. మైకు పక్కన పెట్టిన హెడ్‌ఫోన్ గుర్తొచ్చింది. చదివే గొంతు అందులోంచి మాట్లాడింది, మైకు దాన్ని కర్ర చప్పుడుతోపాటు మింగేసింది. పాటను అన్నిసార్లు వింది కదా, మరి ఎలా తప్పిపోయింది? తప్పిపోలేదు. ప్రతిసారీ వినబడింది. ఆ గొంతు ఆవిడకు ఇంట్లో గోడగడియారం లాంటిది. విన్నప్పుడల్లా అప్పుడే తనతో మాట్లాడుతోందనుకుంది.

పక్కన సంచి జిప్పు తెరుచుకున్న చప్పుడైంది. ఆ చప్పుడు ఆవిడకు తెలుసు. వాడు ల్యాప్‌టాప్ తీస్తున్నాడు, దానితోపాటు మౌసు కూడా.

"అక్కా, ఒక్క నిమిషం. నేను తీసేస్తాను. ఎవరూ ఏమీ అనుకోరు."

వాడు మంచికే అన్నాడు. ఊ అంటే చాలు, అవమానం అక్కడితో పోతుంది. పాట కూడా అక్కడితోనే పోతుంది.

"చెయ్యి తియ్యి తమ్ముడూ. ల్యాప్‌టాప్ ఇటివ్వు. ఎక్కడుందో నాకు తెలుసు."

ఒళ్ళో పెట్టుకుంది. ఒక చెవికి మాత్రం హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఇంకో చెవి హాలుకు వదిలింది. "అందరూ ఒక్కసారి కూర్చోండి, తప్పు నాదే. ఆ మాట్లాడింది నా కంప్యూటరు. అది నాకు చెబుతోందనుకున్నాను, మీకు కూడా చెబుతుందని తెలియదు." హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. వేళ్ళు మాత్రం నవ్వడానికి ఆగలేదు. ఒకటో ట్రాకు, కర్ర. మాట పడిన ముక్క. అక్కడ కోసి, పక్కనున్న శుభ్రమైన కర్ర చప్పుడు తెచ్చి అతికించింది. రెండోచోట కూడా అంతే. తాత తువ్వాలు దులిపి మెడచుట్టూ సర్దుకునేంతలో పని అయిపోయింది.

తమ్ముడు వెనకాల నిలబడి చూస్తున్నాడు. వాడి చేతిలో మౌసు ఉంది. అది ఎక్కడ పెట్టాలో వాడికి తోచలేదు.

ఈసారి ల్యాప్‌టాప్‌లోంచి పాట మళ్ళీ మోగింది. కర్ర, లిఫ్టు, సీసాలు. ఒక్క పొల్లు మాట లేదు. చివరిదాకా నడిచి, కడ్డీ పట్టుకుని నిలబడి, కండక్టరు తాత చుట్టూ చూశాడు.

"ఆ మనిషేది?"

"ఎవరు తాతా?"

"ఆగమన్నావిడ. పొమ్మన్నావిడ. నా బస్సులో నేను విజిల్ వేస్తే ఆగేది, వేస్తే కదిలేది. అలా ఉంది ఆవిడ పద్ధతి. ఆవిడ లేకపోతే ఎప్పుడు ఆగాలో ఎలా తెలుస్తుంది?"

"నిజమే అక్కా" అంది నడక డాక్టరమ్మ. "నేను గొంతు చించుకోకుండా వీళ్ళంతా ఒక్కసారి ఆగడం ఇవాళే చూశాను. మళ్ళీ పెట్టగలవా?"

"తీయడం వచ్చింది కదమ్మా, పెట్టడం ఎంతసేపు?" అంది చెప్పండక్క. "కానీ ఈసారి అది పడ్డచోట కాదు. నేను పెట్టిన చోట. ఎన్ని అడుగులకు ఆగాలో మీరు చెప్పండి."

నడక డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ పెట్టింది. "ఆపబడింది" అనగానే ఆగి, రొప్పు తీర్చుకుని, "కొనసాగుతోంది" అనగానే కదిలారు. ఆ వారం చివరికి వార్డుల్లో కూడా ఆ మాట పాకింది. భోజనం చాలనడానికి కండక్టరు తాత కంచం మీద చెయ్యి అడ్డంపెట్టి, "ఆపబడింది" అనేవాడు.

నెలాఖరు వచ్చింది. మరదలు సామాను సర్దుతోంది. తలుపులన్నీ వేసి ఉన్నాయో లేదో ఒకసారి చూసుకుంటూ, "వదినా, ఉప్పు డబ్బా పాతచోటే పెట్టాను" అంది. తమ్ముడు ముందుగదిలోకి వచ్చాడు. ల్యాప్‌టాప్ దగ్గర తీగ లాగిన చప్పుడు, దాన్ని చుట్టిన చప్పుడు వినిపించాయి.

"మౌసు తీసుకెళ్తున్నానక్కా. నీకు అడ్డం."

"తీసుకెళ్ళు. నీ రంగుల సాఫ్ట్‌వేర్ కూడా తీసుకెళ్ళు. అక్కడ నీ పాట నువ్వు చేసుకో."

"నాకేం వచ్చక్కా పాటలు?"

"ఇన్నేళ్ళు నొక్కింది ఎవర్రా? ఎరుపు ఎక్కడ పెంచాలో నీ వేళ్ళకు తెలియదా?"

వాడు వంగి అక్క కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆవిడ తల నిమిరి దీవించింది. జుట్టులో ఎప్పటిలాగే రంగు వాసన.

కొన్నాళ్ళకు మెట్ల కింద గదిలో ఫోన్ మోగింది.

"చెప్పండి."

"చెప్పండక్కగారా?" అవతల తమ్ముడి గొంతు. కాస్త సిగ్గు, కాస్త గర్వం. "ఒకటి చేశాను. షెడ్డులో రంగు కొట్టే గన్ను చప్పుడుతో. ఎరుపు ఎక్కువైనట్టుంది. నాకు తేలడం లేదు. విని చెప్తావా?"

ఇంకో లైను గంట కొట్టింది. ఆవిడ దాన్ని ఎముకల వార్డుకు కలిపి, కుర్చీలో సర్దుకుని, రిసీవరు చెవికి ఆనించుకుంది.

"వినిపించరా."